అట్టముక్క మీద పడుగు, పేక

సభకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలకు కాలక్షేపంగా ఉంటుందని బజారులో క్రాఫ్ట్ కిట్లు కొంటున్నాం. వాటిలో ముక్కలన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, తయారయ్యే బొమ్మ డబ్బా మీదే అచ్చయి ఉంటుంది కనుక పిల్లలకు అతికించే పని ఒక్కటే మిగులుతుంది. అదే ఒక అట్టపెట్టె, చిరిగిన చీర, నాలుగు పాత పెళ్లి పత్రికలు ముందు పెడితే, వాటితో ఏం చేయాలో వాళ్లే ఆలోచించుకోవాలి. ఆ ఆలోచన కోసమే నేను పాత సామాను కోరుతున్నాను; ఖర్చు కలిసిరావడం, చెత్త తగ్గడం ఆ తరువాతి లాభాలు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతోనే పిల్లలకు రేఖాగణితం చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పోచంపల్లి, పుట్టపాక ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లం గనుక మనం మగ్గంతో మొదలుపెడదాం. జానెడు అట్టముక్క తీసుకుని, పైఅంచున, కిందిఅంచున సమాన దూరంలో చిన్న గాట్లు పెట్టి, వాటిలో నూలు దారాన్ని పైకీ కిందికీ బిగుతుగా చుడితే పడుగు సిద్ధమవుతుంది. పాత చీరను వేలెడు వెడల్పున పీలికలుగా చించి, ఒక దారం మీది నుంచి, పక్క దారం కింది నుంచి పోనిస్తే అదే పేక. పాత దువ్వెనతో ప్రతి వరుసనూ కిందికి ఒత్తాలి. నాలుగైదు వరుసలయ్యేసరికి గుడ్డ నడుము దగ్గర సన్నబడడం మొదలవుతుంది. పిల్లలు పేకను గట్టిగా లాగుతారు మరి. అప్పుడు మన చేయి వెంటనే ముందుకు పోతుంది, పోనివ్వకండి. ఎందుకు సన్నబడిందని అడిగి ఊరుకుంటే, కాసేపటికి పేకను కొంచెం వంపుగా వదిలి ఒత్తాలన్న సంగతి చాలామంది తామే పట్టుకుంటారు. కాస్త పెద్ద పిల్లలైతే పడుగు దారాలకు ముందే అక్కడక్కడా స్కెచ్ పెన్నుతో రంగు వేసి, సన్నటి తెల్ల దారంతో నేయవచ్చు. నేతకు ముందే నూలుకు రంగు అద్దే ఇక్కత్ పద్ధతి వాళ్లకు అక్కడే అర్థమవుతుంది. వీలైతే ఆ తరువాత ఒకసారి నిజమైన మగ్గం దగ్గరికి తీసుకువెళ్లండి. పెద్దలు చేసే ఆ పనిని పిల్లలు ఎంత గౌరవంగా చూస్తారో మీరే గమనిస్తారు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మనది పత్తి పండే ప్రాంతం, ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. వాటిని ఎన్నిసార్లు కడిగినా సరే, బొమ్మలకు గానీ పూలకుండీలకు గానీ వాడకూడదు. పాడైన బ్యాటరీలు, ట్యూబులైట్లు, వాడిన సిరంజీలు కూడా పిల్లల చేతికి అందకూడదు. అట్టను కత్తిరించే బ్లేడు పెద్దల చేతిలోనే ఉండాలి.

జిగురు కొనవలసిన పని లేదు. రెండు చెంచాల మైదాను చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. అది విషం కనుక పిల్లల జిగురులో వేయకండి. ఏ రోజుకు కావలసింది ఆ రోజు కాచుకోండి.