చూపు తక్కువ పిల్లలు పేజీలో బొమ్మను ఎలా వెతుకుతారు?

అందరికీ నమస్కారం. పేజీ నిండా బొమ్మలుంటే అందులో ఒకదాన్ని పట్టుకోవడానికి చూపు తక్కువ పిల్లలకు ఎక్కువ సేపు పడుతుంది. దాన్ని ధ్యాస లేకపోవడమని చాలామంది అనుకుంటారు. ఇది అన్యాయం. ముందు కారణం కనుక్కోవాలి.

పచ్చచుక్కల మధ్య ఎర్రచుక్క చూడగానే దొరుకుతుంది. ఎర్ర గుండ్రాలు, పచ్చ చతురస్రాల మధ్య ఎర్ర చతురస్రాన్ని వెతకాలంటే మాత్రం రంగునూ ఆకారాన్నీ కలిపి చూడాలి, బొమ్మలు పెరిగేకొద్దీ సమయం పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ 1980లో వివరించింది ఈ తేడానే.

కారణం కనుక్కోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. దానికి అక్షరం సైజు ముందు లెక్కగట్టండి. 6/60 చూపున్న బిడ్డ (మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచే చదవగలిగే బిడ్డ) 40 సెంటీమీటర్ల దూరంలో అతికష్టమ్మీద చదవగలిగే అక్షరం సుమారు 6 మిల్లీమీటర్లు. కాబట్టి కనీసం 12 మిల్లీమీటర్లు పెట్టండి. 1, 4, 8, 16 అక్షరాలతో నాలుగు కాగితాలు చేయండి. అయిదోదానిలో అదే 16 అక్షరాలను దూరందూరంగా పెట్టండి. వెతకాల్సిన అక్షరం చోటు మారుస్తూ, పట్టిన సమయం, తప్పిపోయిన చోటు రాసుకోండి.

ఒక్క అక్షరమే ఉన్నా దొరకలేదంటే సైజు చాలలేదు. ఒకే వైపున పదేపదే తప్పిపోతుంటే చూపు పరిధిలో లోపాన్ని అనుమానించండి. నెలలు నిండక పుట్టి, మెదడు దెబ్బతిన్న పిల్లల్లో కింది వైపు చూపు తగ్గడం తరచూ కనిపిస్తుంది. దగ్గరగా ఉన్నప్పుడు తడబడి, ఎడం పెంచగానే దొరికితే అక్షరాలు ఒకదాన్నొకటి కప్పేస్తున్నట్టు. కళ్లు నిలకడ లేకుండా అదిరే పిల్లల్లో ఇది మామూలే. అక్షరాల సంఖ్యతోపాటు సమయం పెరుగుతూ, ఎడం పెంచినా తగ్గకపోతే, ఇబ్బంది మెదడు ఏరుకునే పనిలో ఉండొచ్చు. అయితే ఎడం పెంచితే కళ్లు తిరగాల్సిన దూరమూ పెరుగుతుంది, ఒక్క కాగితంతో తీర్పు చెప్పకండి.

పెద్దది చేస్తే చాలదా అంటారు. ఏ4 కాగితం వెడల్పు 40 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 30 డిగ్రీలు. 10 సెంటీమీటర్లకు తెస్తే 90 డిగ్రీలు దాటుతుంది. అక్షరం నాలుగింతలుగా కనిపించినా, పేజీ మొత్తం చూడ్డానికి తల తిప్పాల్సి వస్తుంది. అప్పుడు ఎక్కడిదాకా చూశామో మరచిపోతారు.

అందుకే వెతికే పద్ధతి నేర్పాలి. నల్ల అట్టలో ఒక వరుస పట్టేంత కిటికీ కోసి, పైనుంచి కిందికి జరపమనండి. ఎడమవైపు చూపు లేని బిడ్డకు ఎడమ అంచున మందపాటి ఎర్ర గీత గీయండి. ప్రతి వరుసా ఆ గీత దగ్గర మొదలుపెట్టాలి. గీత దాకా వెళ్లకుండానే "లేదు" అంటే తప్పు వేయకండి, మళ్లీ అక్కడినుంచి చూడమనండి.