దత్తత దస్తావేజుతో వీసా రాదండీ

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. వీలునామాల మీద మాట్లాడమని గుంటూరు పిలిపించారు. టైముంటే అదీ చెబుతాను. ఈ హాల్లో చాలామందికి పిల్లలు అమెరికాలోనే ఉన్నారు కాబట్టి, ముందు దత్తత సంగతి.

రిజిస్ట్రారు ఆఫీసు బయట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఆ మధ్య తెనాలి నుంచి ఒక కుటుంబం వచ్చింది. డల్లాస్‌లో తమ్ముడికి పిల్లల్లేరు, అక్క తన రెండో పాపను ఇస్తానంది. దత్త హోమం, భోజనాలు అయిపోయాయి. "బాబాయ్, ఇది రిజిస్టరైతే ఇక వీసా స్టాంపింగేగా?" అన్నాడు తమ్ముడు. పాప నా బల్ల కింద చేరి కార్బన్ కాగితం గౌనుకి పూసుకుంటోంది. కాదు నాయనా అంటే వినరే! ఎవడో ఏజెంటు డబ్బు పుచ్చుకుని చాలన్నాడట. నేను రాయనంటే పక్క బల్ల దగ్గర రాయించుకున్నారు.

1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఆ దత్తత ఇక్కడ చెల్లుతుంది. అదే చిక్కు! చెల్లిన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదు, 15వ సెక్షను. కన్నతల్లి కాగితం మీద తల్లి కాదు, తల్లి అయినావిడకు పాపను అమెరికా తీసుకెళ్లే వీల్లేదు. రేపు బళ్లో తల్లి పేరు ఎవరిది రాయాలి? మీరే చెప్పండి.

దేశం దాటే దత్తతకు హేగ్ ఒప్పందం ఉంది. మనకి 2003లో, అమెరికాకి 2008లో అమల్లోకొచ్చింది. బంధువుల పిల్లయినా అదే దారి. ముందు అక్కడ హోమ్ స్టడీ, అంటే పెంచుకునేవాళ్ల ఇంటి పరిస్థితుల విచారణ, ఇమిగ్రేషన్ వాళ్ల ఆమోదం, తర్వాత ఢిల్లీలో 'కారా' అనే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ ఇచ్చే ఎన్.ఓ.సి., అంటే అభ్యంతరం లేదన్న పత్రం. దత్తత ఉత్తర్వు ఒకప్పుడు కోర్టిచ్చేది, 2022 నుంచి కలెక్టరుగారిస్తున్నారు. హోమం, దస్తావేజు ముందు పెట్టుకోకండి, ఈ వరస మాత్రం తప్పకూడదు. పైగా ఆ ఇమిగ్రేషన్ ఆమోదానికి అర్జీ అమెరికా పౌరుడే వేయాలి. మన తమ్ముడిదీ, భార్యదీ గ్రీన్‌కార్డే. ఆ ఏజెంటు ఆ ముక్క అడిగితేగా!

సరే, పాప వెళ్లిందనుకోండి. 2001 ఫిబ్రవరి 27 నుంచి అక్కడొక చట్టం ఉంది. 18 నిండకముందే గ్రీన్‌కార్డు హోదాతో వెళ్లి, పౌరులైన తల్లిదండ్రుల దగ్గరుంటే పౌరసత్వం దానంతటదే వస్తుంది. కాగితం మాత్రం చూసుకోవాలి. దత్తత ఇక్కడే పూర్తయిన పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా అయితే పౌరసత్వ సర్టిఫికెట్ మామూలుగా ఇంటికే పంపుతారు. దత్తత ఇక్కడ పూర్తికానివాళ్లకిచ్చే ఐహెచ్-4 అయితే అక్కడ దత్తత పూర్తి చేయించుకుని, సర్టిఫికెట్ కోసం ఎన్-600 అనే అర్జీ మీరే పెట్టుకోవాలి.

ఆ తేదీకే 18 నిండినవాళ్లకు ఈ చట్టం వర్తించలేదు. బొంబాయి నుంచి చిన్నప్పుడే దత్తత వెళ్లిన ఒకామెను, పెంచినవాళ్లు పౌరసత్వం తీయించనందువల్ల, ఏదో కేసులో శిక్ష పడ్డాక 2008లో ఇక్కడికి పంపేశారు. పిల్లల్ని అక్కడే వదిలి రావలసి వచ్చింది.

ముందు వరసలో అమ్మా, మీరు తలూపుతున్నారు. మీ ఇంట్లోనూ ఇలాంటి మాటలు నడుస్తున్నాయా? ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. అబ్బాయిది గ్రీన్‌కార్డా, పౌరసత్వమా, ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి. కాగితాలేమైనా ఉంటే సంతకం పెట్టకముందే నాకు చూపించండి. నాకు ఫీజేమీ వద్దు.