జబ్బ పట్టేసినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

"జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోవట్లేదండీ." ఫిజియోథెరపిస్టుగా నేను భుజం నొప్పి గురించి వినే మొదటి మాట చాలాసార్లు ఇదే. మగవాళ్ళయితే వెనక జేబులోంచి పర్సు తీయలేకపోతున్నామంటారు. వయసు ఎక్కువగా నలభైకి, అరవైకి మధ్య. షుగర్ ఉందా అంటే చాలామంది ఉందనే చెబుతారు.

కొందరు స్కాన్ కవరు చేత్తో పట్టుకునే వస్తారు. "టియర్ అని రాశారు, ఆపరేషన్ తప్పదా?" అని ఒకటే టెన్షన్. నేను ఆ కవరు పక్కన పెట్టి ముందు చెయ్యి చూస్తాను. అరవై దాటినవాళ్ళను స్కాన్ చేస్తే, ఏ నొప్పీ లేని భుజంలో కూడా కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే పట్టీలో ఇలాంటి చిరుగు కనిపించడం మామూలే. కాగితం మీదున్న చిరుగే ఈ నొప్పికి కారణమా అన్నది చెయ్యి కదిపి చూస్తేగానీ తెలియదు.

నొప్పి ఎక్కడో చూపించమంటాను. మెడ దగ్గర మొదలై మోచేయి దాటి వేళ్ళ దాకా లాగుతూ, తిమ్మిరి కూడా ఉందంటే గొడవ చాలావరకు మెడ నరంలో ఉన్నట్టు. అలాంటివాళ్ళలో కొందరికి అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. భుజం కీలు పట్టేసినవాళ్ళకు అదే పని చేయబోతే ప్రాణం పోయినంత పనవుతుంది.

తర్వాత ఒక చిన్న పరీక్ష. మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని ముందుకు చాపి, తలుపు రెక్క తెరిచినట్టు బయటికి తిప్పమంటాను. తిరగలేదనుకోండి, చెయ్యి వదులుగా వదిలేయమని నేనే మెల్లగా తిప్పుతాను. నేను తిప్పితే తిరిగిందా, కీలు బిగుసుకోలేదు, దాన్ని తిప్పే కండరానికో నరానికో ఇబ్బంది వచ్చింది. నేను తిప్పినా గోడకు తగిలినట్టు ఆగిపోయిందా, కీలు చుట్టూ సంచిలా ఉండే పొర బిగుసుకుపోయి ఉండొచ్చు. అదే ఫ్రోజెన్ షోల్డర్. 1934లో బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ పెట్టిన పేరిది. కీలు అరిగినా ఇలాగే ఆగుతుంది కాబట్టి ఒక ఎక్స్‌రే చూడాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. చెయ్యి కదిపితే కాకుండా, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో భుజం లాగుతూ, ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది భుజం నొప్పి అనుకోవద్దు. అది గుండె నొప్పి కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కిందపడ్డాక చెయ్యి అసలు లేవకపోయినా, జ్వరంతో కీలు వాచినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఫ్రోజెన్ షోల్డర్ తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. మొదటి నెలలే కష్టం, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలనివ్వదు. తర్వాత నొప్పి తగ్గుతుంది, బిగువు మిగులుతుంది. ఆ తర్వాత మెల్లమెల్లగా సడలుతుంది. నొప్పి మండుతున్న రోజుల్లో ఎవరిచేతా బలవంతంగా లాగించుకోవద్దు. అలా లాగించుకుని వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా గడిపినవాళ్ళను చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది. అలాగని చేతిని గుడ్డతో కట్టి కదపకుండా ఉంచినా ఇంకా పట్టేస్తుంది.

బాగున్న చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగండి. నొప్పి చేతిని బావిలో చేద వేలాడినట్టు వదిలేయండి. ఒంటిని కొద్దిగా ఊపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. ముందుకూ వెనక్కూ, పక్కలకూ, చిన్న సున్నాలు చుట్టినట్టూ, ఒక్కో రకం ఒక నిమిషం, రోజుకు రెండు మూడుసార్లు. మొదటి దశలో డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది గానీ, షుగర్ ఉన్నవాళ్ళకు అది కొన్ని రోజులు పెరగొచ్చు. ఇంట్లో చూసుకుంటూ ఉండండి.

ఈ రాత్రికి వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న చేతికి మోచేయి కింద చిన్న దిండు పెట్టి చూడండి. నమస్కారం.