తీగలు నేలలోకి దిగితే సరిపోతుందా?

ప్రయోక్త: నమస్కారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు నగరమంతా చీకటైపోయింది. అప్పటి విద్యుత్ పునరుద్ధరణలో పనిచేసి, పదవీ విరమణ చేసిన ఇంజనీరుగారు ఈ రోజు మన అతిథి. సార్, ఆ రోజు మొదట దెబ్బతిన్నదేమిటి?

అతిథి: చెట్లండీ. గాలికి నేరుగా విరిగిన స్తంభాలు లేకపోలేదు గాని, చెట్టు కూలి తీగ మీద పడితే, ఆ తీగ వరుసగా నాలుగైదు స్తంభాలను లాక్కుపోయిన చోట్లే నాకు ఎక్కువగా కనిపించాయి. పైగా తుపాను కన్ను, అంటే గాలి నెమ్మదించే దాని నడిమి భాగం, నగరం మీదుగా సాగడంతో గాలి మధ్యలో కాసేపు ఆగి, తరువాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. మొదటి విడతలో ఒరిగి నిలిచినవి రెండో విడతలో నేలకూలాయి.

ప్రయోక్త: కరెంటుతో పాటు మిగతావన్నీ ఎందుకు ఆగిపోయాయి?

అతిథి: పంపులు ఆగితే కుళాయిల్లో నీళ్లుండవు. సెల్ టవర్లు కొన్ని గంటలు బ్యాటరీల మీద, ఆపై డీజిల్ జనరేటర్ల మీద నడుస్తాయి. రోడ్లకు అడ్డంగా చెట్లు పడి ఉంటే ఆ డీజిల్ చేరదు. ఫోన్లు మూగబోయాక, ఇతర జిల్లాల నుంచి వచ్చిన సిబ్బందికి ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి చీటీలు రాసి మోటారు సైకిళ్ల మీద మనుషులను పంపాం. స్తంభాలు సిద్ధంగా ఉన్నా, చెట్లు కోసే రంపాలు చాలక లారీలు గంటల తరబడి నిలిచిపోయిన సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రయోక్త: ఆ తరువాత ప్రపంచబ్యాంకు రుణంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. సమస్య తీరినట్టేనా?

అతిథి: గాలి విషయంలో చాలావరకు తీరినట్టే. అయితే ఖర్చు తీగల లైన్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది గాని, కేబుల్‌లో లోపం ఎక్కడుందో పరికరంతో వెతికి, తవ్వి చూడాలి. అందుకే సరఫరాను రెండు వైపుల నుంచి అందేలా రింగుగా కలుపుతారు. ఒక భాగం చెడితే దాన్ని వేరు చేసి రెండో వైపు నుంచి ఇస్తారు. ఆ స్విచ్‌లుండే పెట్టెలు మాత్రం రోడ్డు పక్కన, నేల మీదే ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. అటువంటి చోట వరద మట్టం కంటే ఎత్తుగా దిమ్మె కట్టి పెట్టెను నిలపకపోతే, కేబుల్ బాగానే ఉన్నా సరఫరా ఆపక తప్పదు. విశాఖ నమూనాను మరో ఊళ్లో ఉన్నదున్నట్టు దించడం నాకు సమ్మతం కాదు.

ప్రయోక్త: అన్నిచోట్లా ఇంత డబ్బు పెట్టలేనప్పుడు?

అతిథి: ముందు ఆసుపత్రులకు, తాగునీటి పంపింగ్ కేంద్రాలకు వెళ్లే ఫీడర్లను, అంటే సరఫరా లైన్లను, పటిష్ఠం చేయాలి. 2019 మే నెలలో ఫణి తుపానుకు ముందు ఒడిశా పది లక్షల మందికి పైగా ప్రజలను తరలించి ఎన్నో ప్రాణాలను కాపాడింది, అయినా పూరీలో కరెంటు పూర్తిగా రావడానికి వారాలు పట్టింది.

ప్రయోక్త: వచ్చే తుపాను కాలంలోగా చేయగలిగిన పని ఏదైనా ఉందా?

అతిథి: ఉంది. ఆసుపత్రి జనరేటరును కాసేపు ఖాళీగా తిప్పి ఆపేయకుండా, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ల లోడు దాని మీద వేసి కొన్ని గంటలు నడిపి చూడాలి. అది బేస్‌మెంట్‌లో ఉంటే వర్షాలకు ముందే పైకి మార్చాలి.