కణుపు దగ్గరి గుమ్మాలు: మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరం ఎందుకు తడబడుతుంది
తిరుపతిలో వైద్య విద్యార్థులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రోగుల కుటుంబ సభ్యుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాము నరాల తొడుగును దెబ్బతీసే జబ్బు) అనగానే అందరూ చెప్పే పోలిక ఒకటుంది: కరెంటు వైరు మీద ప్లాస్టిక్ ఊడినట్టు నరం మీద మయలిన్ తొడుగు ఊడిపోతుందని. ఓపీలో రెండు నిమిషాల్లో రోగికి చెప్పడానికి ఇది చాలు. దీన్నే పట్టుకుని కూర్చుంటే మాత్రం మూడు ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. తొడుగు పూర్తిగా కట్టుకోకముందే చూపు ఎలా తిరిగొస్తుంది? ఎండలో నడిస్తే సత్తువ పోయిన కాళ్లు, నీడలో కాసేపు కూర్చుంటే ఎలా లేస్తాయి? కొత్త దాడేమీ లేకుండానే, ఏళ్ల తర్వాత అదే నరం ఎందుకు చచ్చిపోతుంది? మూడింటికీ జవాబు వెతకాల్సింది అయాన్ ఛానళ్ల దగ్గరే, అంటే నరం పొర మీద సోడియం, పొటాషియం లాంటి ఆవేశమున్న కణాలు వచ్చిపోయే గుమ్మాల దగ్గరే. అవి ఎన్ని ఉన్నాయన్నది ఒక ఎత్తు, ఎక్కడ ఉన్నాయన్నది ఇంకో ఎత్తు.

వైరు కంటే మన చిత్తూరు చెరకు గడ మంచి పోలిక. మన పాఠ్యపుస్తకాలు కూడా రాన్వియర్ కణుపు అనే అంటాయి. అయితే కొలతల్లో చాలా తేడా ఉంది. నరంలో కణుపు పొడవు సుమారు ఒక మైక్రాన్. రెండు కణుపుల మధ్య మయలిన్ చుట్టుకున్న భాగం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. చెరకు కణుపు సెంటీమీటరు ఉందనుకుంటే, తర్వాతి కణుపు పది మీటర్ల అవతల ఉన్నట్టు లెక్క. ఆ సన్నటి కణుపులోనే సోడియం ఛానళ్లు కిక్కిరిసి ఉంటాయి, చదరపు మైక్రానుకు వెయ్యికి పైగా. మయలిన్ కింద ఉన్న పొర మీద అదే జాగాలో పాతికకు మించవు. కణుపుకు రెండు పక్కలా మయలిన్ అంచు గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఆ అతుకు దాటాక, మయలిన్ కిందే దాక్కుని కేవీ 1 రకం పొటాషియం ఛానళ్లు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న నరంలో వాటికి పెద్దగా పనే ఉండదు.

సంకేతం కణుపు నుంచి కణుపుకు దూకుతూ పోతుంది. ఒక కణుపులో సోడియం ఛానళ్లు తెరుచుకుంటే లోపలికి వచ్చే కరెంటు, పక్క కణుపును మేల్కొలపడానికి కావలసినదానికి అయిదు నుంచి ఏడు రెట్లు ఉంటుంది. దీన్ని సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఈ రోజు చెప్పబోయేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

మయలిన్ ఊడినప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, కరెంటు దారిలోనే కారిపోతుంది. సోడియం ఛానళ్లు పలచగా ఉన్న ఆ బోసి ముక్కకు దాన్ని తిరిగి పుంజుకునేలా చేసే శక్తి ఉండదు. రెండోది, ఇన్నాళ్లూ దాక్కున్న పొటాషియం ఛానళ్లు బయటపడతాయి. లోపలికి వచ్చిన ధనావేశాన్ని అవి బయటకు వదిలేస్తాయి. అయిదు రెట్లు ఉన్న సేఫ్టీ ఫ్యాక్టర్ ఒకటి దగ్గరికి జారిపోతుంది. ఒకటికి కింద ఉంటే సంకేతం ఆగిపోయినట్టే. ఒకటికి కాస్త పైన ఉంటే నత్తనడకన పోతుంది.

నరం చేతులు కట్టుకుని కూర్చోదు. కొన్ని వారాల్లో ఆ బోసి ముక్క పొడవునా కొత్త సోడియం ఛానళ్లు పరుస్తుంది. దూకడం పోయినా పాకడం మొదలవుతుంది. ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరానికి వచ్చే వాపు) తర్వాత చూపు తిరిగి రావడంలో వాపు తగ్గడంతో పాటు దీనికీ పాత్ర ఉంది. ఇలా పరుచుకునేవాటిలో నావ్ 1.2, నావ్ 1.6 అనే రెండు రకాల సోడియం ఛానళ్లూ కనిపిస్తాయి. నావ్ 1.6 మామూలుగా కణుపులో ఉండాల్సింది. అది ఉండకూడని చోట చేరితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ముందు ఎండ సంగతి. జర్మన్ నేత్రవైద్యుడు విల్హెల్మ్ ఊటాఫ్ 1890లో రాసిపెట్టిన విషయమిది: శ్రమ చేసినప్పుడు కొందరికి చూపు మసకబారుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ వస్తుంది. ఆయన శ్రమే కారణమనుకున్నారు. అసలు కారణం ఒంటి వేడి అని తర్వాత తేలింది. అలిపిరి మెట్లు ఎక్కే ఎంఎస్ రోగిని ఊహించుకోండి. మొదటి వందల మెట్లు బాగానే ఎక్కుతారు. గాలిగోపురం చేరేలోపు కుడికాలు ఈడ్చుకుపోతుంది, పక్కవాళ్ల ముఖం మసకగా కనిపిస్తుంది. కూర్చుని, చల్లటి నీళ్లు తాగి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటే కాసేపటికి కాలు తన మాట వింటుంది. ఇంట్లోవాళ్లకు ఇది నటనలా అనిపించడం కద్దు. నటన కాదు.

జరిగేదేమిటంటే, వేడెక్కే కొద్దీ సోడియం ఛానల్ త్వరగా తెరుచుకుంటుంది, అంతకంటే త్వరగా మూసుకుంటుంది. సంకేతం వేగం పెరిగినా దాని నిడివి తగ్గుతుంది. దాంతో పక్క కణుపుకు అందే మొత్తం ఆవేశమూ తగ్గుతుంది. అయిదు రెట్లు మిగులు ఉన్న నరానికి ఈ తరుగు లెక్కలోకి రాదు. అంచున నిలబడ్డ నరానికి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా చాలు, సంకేతం ఆగిపోతుంది. అర డిగ్రీ అంటే ఎంత? ఉదయానికీ సాయంత్రానికీ మన ఒంటి వేడిలో సహజంగా వచ్చే తేడా అంత ఉంటుంది. కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం మూడింటికి ఫిజియోథెరపీ పెట్టి "ఈమెకు మెరుగుదల లేదు" అని రాసేవారు టైము మార్చి చూడాలి. పొద్దున్నే, ఫ్యాను కింద, వ్యాయామానికి ముందే చన్నీళ్ల స్నానం చేయించి మొదలుపెడితే లెక్క వేరుగా ఉంటుంది.

దీనికే ఇంకో ముఖం జ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తగిలితే పాత లక్షణాలన్నీ తిరిగొస్తాయి. దాన్ని రిలాప్స్, అంటే జబ్బు కొత్త దాడి, అనుకుని గ్రాము చొప్పున మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. రిలాప్స్ అనాలంటే జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా లక్షణం కనీసం 24 గంటలు నిలవాలి. కాబట్టి ముందు థర్మామీటరు, యూరిన్ పరీక్ష. స్టెరాయిడ్ తర్వాతి మాట.

ల్యాబ్‌లో పనిచేసేవారికి ఇప్పుడు కొంచెం వివరంగా. మయలిన్ ఊడిన నరం నెమ్మదిస్తుందని చూపించే చవకైన పరీక్ష విజువల్ ఎవోక్డ్ పొటెన్షియల్, అంటే వీఈపీ. రోగి ఒక మీటరు దూరంలో కూర్చుంటారు. తెర మీద నలుపు తెలుపు గళ్లు సెకనుకు రెండుసార్లు తారుమారవుతుంటాయి. ఒక కన్ను మూసి ఇంకో కన్ను పరీక్షించాలి. తల వెనక మధ్యలో, ఓజెడ్ స్థానంలో, ఎలక్ట్రోడ్ పెడతాం. కనీసం 50 స్పందనల సగటు తీసి, అంతా మళ్లీ ఒకసారి చేసి, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిపోతున్నాయో లేదో చూడాలి. సుమారు 100 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే శిఖరం పీ100. ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన కంటిలో అది ఆలస్యమవుతుందని హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ అనే పరిశోధకులు 1972లో చూపించారు.

మన దగ్గర ఈ పరీక్ష చెడిపోయేది యంత్రం వల్ల కంటే కొబ్బరినూనె వల్లే ఎక్కువ. నూనె తల మీద ఎలక్ట్రోడ్ పెడితే ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) అయిదు కిలో ఓమ్‌ల కిందికి దిగదు, గీతంతా యాభై హెర్ట్జ్ కరెంటు మోతతో నిండిపోతుంది. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి: తలస్నానం చేసి, నూనె రాయకుండా, రోజూ పెట్టుకునే కళ్లద్దాలతో రావాలి. అద్దాలు లేకుండా చేస్తే మసక చూపు వల్లే పీ100 ఆలస్యమై, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. కంటి పాపలు పెద్దవి చేసే చుక్కలు వేయించుకుని ఆ రోజే వస్తే ఇంకో రోజుకు మార్చండి. కునుకు తీస్తున్న రోగి నుంచి వచ్చిన గీత చెల్లదు. మామూలు విలువల హద్దు ఏ ల్యాబ్‌కు ఆ ల్యాబే కట్టుకోవాలి.

రిపోర్టు చదివేటప్పుడు రెండు సంఖ్యలను విడివిడిగా చూడండి. ఆలస్యం ప్రధానంగా మయలిన్ కథ చెబుతుంది. శిఖరం ఎత్తు తగ్గడం ఎన్ని తంతువులు పనిచేయడం లేదో చెబుతుంది, అవి ఆగిపోయి ఉండవచ్చు, చచ్చిపోయి ఉండవచ్చు. చూపు పూర్తిగా బాగుపడిన కంటిలో కూడా ఆలస్యం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సంకేతాలు దూకడం మాని పాకుతున్నాయని దానర్థం.

ఇక పాకడానికి కట్టాల్సిన మూల్యం. లోపలికి వచ్చిన ప్రతి సోడియం అయానునూ బయటకు తోడాలి. కణానికి ఇంధనమైన ఏటీపీ ఒకటి ఖర్చు చేసి పంపు మూడు సోడియంలను బయటకు పంపి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. కణుపు దగ్గర మాత్రమే తెరుచుకునే గుమ్మాలు ఇప్పుడు నరం పొడవునా తెరుచుకుంటున్నాయి, తోడాల్సిన నీళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి. సరిగ్గా అప్పుడే వాపు వల్ల పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, ఆ ఇంధనాన్ని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీసి, మోటారుకు కరెంటు కోత పెడుతుంది. సోడియం పేరుకుపోతుంది. మామూలుగా సోడియంను లోపలికి రానిచ్చి కాల్షియంను బయటకు నెట్టే మారకపు ద్వారం తిరగబడి, కాల్షియంను లోపలికి లాగుతుంది. కాల్షియం కాల్పైన్ అనే ఎంజైమును లేపుతుంది, అది నరం లోపలి దూలాలను కోసేస్తుంది. దెబ్బతిన్న ఆక్సాన్లలో (నరతంతువుల్లో) నావ్ 1.6, ఆ మారకపు ద్వారం పక్కపక్కనే కనిపిస్తాయని అమెరికా నరశాస్త్రవేత్త వాక్స్‌మన్ బృందం 2004లో చూపింది. ఇవాళ నరాన్ని నడిపించినదే రేపు దాన్ని చంపుతోంది.

అలాగైతే సోడియం ఛానళ్లను మూసే మందు ఇస్తే సరిపోదా? ఎలుకల్లో మూర్ఛ మందు ఫెనిటాయిన్ బాగా పనిచేసింది. మనుషుల్లో ఫలితం కలగాపులగం. సెకండరీ ప్రోగ్రెసివ్ దశలో, అంటే దాడుల కాలం తర్వాత జబ్బు మెల్లగా ముదిరే దశలో, 120 మందికి అలాంటిదే లామోట్రిజిన్ పరీక్షించి 2010లో ప్రచురించారు. మెదడు కుంచించుకుపోవడం ఆగలేదు. ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన 86 మందిలో చేసిన ఫెనిటాయిన్ పరీక్ష 2016లో వచ్చింది. రెటీనా నరతంతువుల పొర పలచబడటం సుమారు 30 శాతం తగ్గింది, చూపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 445 మందితో అమిలోరైడ్, ఫ్లూక్సెటిన్, రిలుజోల్ పరీక్షించిన ఎంఎస్-స్మార్ట్ ఫలితాలు 2020లో నిరాశనే మిగిల్చాయి. ఆలోచన తప్పని నేననను. మందు ఎప్పుడు మొదలుపెట్టారన్నది, ఏ దశలో ఇచ్చారన్నది తేడా తెచ్చి ఉండాలి. ఇంకో హెచ్చరిక కూడా ఎలుకల నుంచే వచ్చింది: ఫెనిటాయిన్, కార్బమజెపిన్ హఠాత్తుగా ఆపితే వాటి జబ్బు ఒక్కసారిగా ముదిరింది.

పొటాషియం వైపు మాత్రం చేతికి అందే మందు ఉంది. ఫాంప్రిడిన్, అంటే 4-అమినోపిరిడిన్. బయటపడ్డ పొటాషియం ఛానళ్లను ఇది మూస్తుంది. అమెరికాలో 2010లో నడక కోసం అనుమతి వచ్చింది. విదేశాల్లో పక్షులను తరిమే విషంగా వాడేదీ ఇదే, మోతాదు విలువ అక్కడే అర్థం చేసుకోండి. నెమ్మదిగా విడుదలయ్యే 10 మిల్లీగ్రాముల మాత్ర, 12 గంటలకొకటి. విరవకూడదు, నలపకూడదు, నమలకూడదు. మందంతా ఒక్కసారే రక్తంలోకి వస్తే మూర్ఛ వస్తుంది. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోవద్దు. అందరికీ పనిచేయదు, సుమారు మూడోవంతు మందికే నడక వేగం పెరుగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు 25 అడుగుల నడకకు స్టాప్‌వాచ్‌తో టైము రాసిపెట్టుకోండి. రెండు వారాలకు మళ్లీ, అదే టైములో, అదే చెప్పులతో నడిపించి చూడండి. తేడా లేకుంటే ఆపేయండి.

ఇక్కడ జరిగే పొరపాటు కిడ్నీ లెక్క. "క్రియాటినిన్ 1.0, నార్మల్" అని రిపోర్టు వస్తుంది. అరవై ఏళ్ల మహిళ, 45 కిలోలు అనుకుందాం. 140 లోంచి 60 తీసేస్తే 80. దాన్ని 45తో గుణిస్తే 3600. 72తో, మళ్లీ క్రియాటినిన్ 1.0తో భాగిస్తే 50. మహిళ కాబట్టి 0.85తో గుణిస్తే 42.5. ఇదే క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయన్న అంచనా. క్లియరెన్స్ 50 లేక అంతకంటే తక్కువుంటే ఈ మందు ఇవ్వకూడదు. బక్కపలచటి మనుషులున్న మన దగ్గర ఈ లెక్క కాగితం మీద వేయకుండా చీటీ రాయవద్దు.

చివరగా టానిక్ స్పాజమ్స్. చెయ్యి మెలితిరిగి, బిగుసుకుని, అర నిమిషం నుంచి రెండు నిమిషాలు నొప్పితో నిలబడుతుంది. రోజుకు ఎన్నోసార్లు వస్తుంది, స్పృహ మాత్రం పోదు. మయలిన్ ఊడిన తంతువులు ఆనుకుని ఉన్నచోట ఒకదాని కరెంటు పక్కదానికి అంటుకోవడం వల్ల ఇది వస్తుందని భావిస్తారు. ఇవి ఎక్కువగా ఉంటే ఎంఎస్‌ను పోలిన వేరే జబ్బు న్యూరోమైలైటిస్ ఆప్టికాను అనుమానించి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేయించాలి. కార్బమజెపిన్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినా చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అయితే ఆ మందు సోడియం గుమ్మాలనే మూస్తుంది కదా. సేఫ్టీ ఫ్యాక్టర్ అంచున ఉన్న తంతువులకు ఆ కాస్తా తగ్గితే, చెయ్యి బిగుసుకోవడం ఆగిన వారంలోనే కాలు బరువెక్కవచ్చు. అప్పుడు రిలాప్స్ అనుకుని కంగారుపడకండి. రక్తంలో సోడియం చూడండి, ఈ మందు దాన్నీ తగ్గిస్తుంది. తర్వాత డాక్టరు గారిని అడిగి మోతాదు మెల్లగా తగ్గించుకోండి.