డిసెంబరు ఉల్కలను రేడియోలో విందాం

శ్రోతలకు నమస్కారం. డిసెంబరు నెల సైన్సు కబుర్లంటే తేదీలకు కొదవ లేదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం తొలిసారి ఎగిరి 12 సెకన్లు గాలిలో నిలిచింది. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద చివరిసారి నడిచారు. ఇవి ఇంతటితో వదిలేద్దాం. ఉన్న కాస్త సమయం ఒక్క సంగతికే వాడుకుంటాను. డిసెంబరులో రాలే ఉల్కలను రేడియోలో వినొచ్చు. అవును, వినొచ్చు. మబ్బు పట్టినా, వెన్నెల కాసినా వినొచ్చు.

ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం ముమ్మరంగా ఉంటుంది. చాలా ఉల్కాపాతాలకు దుమ్ము తోకచుక్కల నుంచి వస్తుంది. జెమినిడ్స్‌కి మాత్రం 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం మూలం. అది వదిలిన దుమ్ము దారిని భూమి ఏటా ఈ రోజుల్లోనే దాటుతుంది. ఇసుక రేణువంత నలుసు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, నేలకు 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతుంది.

ఇక రేడియో సంగతి. ఎఫ్ఎం తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. అందుకే వంద కిలోమీటర్లు దాటాక భూమి వంపు అడ్డొచ్చి స్టేషన్ వినిపించదు. తరంగం మన తల మీదుగా అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. అయితే ఉల్క దూసుకుపోయిన దారిలో గాలి కణాల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఆ ఎలక్ట్రాన్ల చార కాసేపు అద్దంలా పనిచేసి, పైకి పోయే తరంగాన్ని కిందికి మళ్లిస్తుంది. అప్పుడు వెయ్యి కిలోమీటర్ల అవతలి స్టేషన్ నుంచి పాట ముక్కో, సగం మాటో మీ రేడియోలో టక్కున పలికి ఆగిపోతుంది. ఆ సగం మాటే ఉల్క. ఆకాశంలో ఇంతకన్నా చవగ్గా దొరికే ప్రయోగం నాకు తెలిసి లేదు.

ముందు స్టేషన్‌ని ఎంచుకోవాలి. మీకు 800 నుంచి 1,500 కిలోమీటర్ల దూరంలో, ఎక్కువ శక్తితో, రాత్రంతా ప్రసారం చేసే ఎఫ్ఎం స్టేషన్ ఏదో చూసుకోండి. దాని ఫ్రీక్వెన్సీలో మీ దగ్గర ఏ స్టేషనూ ఉండకూడదు. ముల్లు అక్కడ పెడితే బుస్సుమనే శబ్దం తప్ప ఇంకేమీ రాకూడదు. పక్కన బలమైన స్టేషన్ ఉన్నా పనికిరాదు, కనీసం 0.4 మెగాహెర్ట్జ్ ఎడం ఉండాలి. ఎఫ్ఎం రిసీవర్ స్వభావమే అంత, బలమైన దాన్ని పట్టుకుని బలహీనమైన దాన్ని అణిచేస్తుంది. స్టేషన్లతో కిక్కిరిసిన చోట ఖాళీ దొరకడమే కష్టం. ఈ ప్రయోగం చాలామందికి ఇక్కడే బెడిసికొడుతుంది.

రేడియోకి స్టీరియో, మోనో మీట ఉంటే మోనోలో పెట్టండి, బుస్సు తగ్గుతుంది. స్టేషన్లను తనంతట తానే వెతికే మీట నొక్కకండి, అది ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద ఆగదు. కొన్ని డిజిటల్ రేడియోలు సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని పూర్తిగా నొక్కేస్తాయి. వాటిలో ఆ సౌకర్యం తీసేసే వీలు లేకపోతే ఉల్క వచ్చినా మీకు తెలియదు. బుస్సు వినిపించే మామూలు రేడియోనే దీనికి మేలు. బయట ఏరియల్ ఉన్న కారు రేడియో ఇంకా మేలు.

బ్యాటరీతో నడపండి. చార్జర్లు, ఎల్ఈడీ దీపాలు పుట్టించే గరగరలో చిన్న ఉల్కలు మునిగిపోతాయి. విడిగా ఏరియల్ పెట్టే వీలుంటే రెండు తీగలు చాలు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కొక్కటి 71 సెంటీమీటర్లు ఉండాలి. రెంటినీ ఒకే గీతలో నేలకు సమాంతరంగా కట్టి, మధ్యలో కేబుల్ కలపండి. తీగ కొస స్టేషన్ వైపు చూడకూడదు, తీగ ఆ దిక్కుకు అడ్డంగా ఉండాలి. కొసల దిక్కున ఏరియల్‌కి దాదాపు ఏమీ వినపడదు.

విన్నదల్లా ఉల్క కాదు. ఉల్క ఒక్కసారిగా మొదలై, చాలావరకు సెకనులోపే పోతుంది. పెద్దదైతే కొన్ని సెకన్లు నిలుస్తుంది. శబ్దం వణుకుతూ నెమ్మదిగా పెరిగి తగ్గితే అది విమానం. చిటపటలాడితే మెరుపు. స్టేషన్ నిమిషాల తరబడి వినిపిస్తూనే ఉంటే, కింది గాలిలో వేడి పొరలు తరంగాన్ని వంచి తెస్తున్నాయన్నమాట. ఆ రాత్రి వేరే ఫ్రీక్వెన్సీకి మారండి.

ఉల్కలు వెలువడినట్టు కనిపించే చోటు మిథున రాశిలో ఉంది. ఉత్తరార్ధగోళంలో అది సాయంత్రం పొద్దుపోయాక ఉదయించి, రాత్రి రెండు గంటల ప్రాంతంలో బాగా పైకొస్తుంది. 10వ తేదీ నుంచే మొదలుపెట్టి, రోజూ రాత్రి ఒకే వేళకు అరగంట విని, పలికిన ప్రతి ముక్కకీ కాగితం మీద ఒక గీత గీయండి. ఏరియల్ కదపకండి, ఫ్రీక్వెన్సీ మార్చకండి. మార్చక తప్పకపోతే ఆ సంగతి పక్కనే రాసుకోండి, లేకపోతే రోజుల మధ్య పోలిక కుదరదు. ఏ రాత్రయినా కొన్ని విడి ఉల్కలు రాలుతూనే ఉంటాయి కాబట్టి, మొదటి రోజుల లెక్క చేతిలో ఉంటేనే 14 నాటి పెరుగుదల తెలుస్తుంది. ఆ తేదీ దాటాక జెమినిడ్స్ చటుక్కున తగ్గిపోతాయి. అందుకని ఏరియల్ పని, ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతకడం నెల మొదటి వారంలోనే ముగించుకోండి.