ఇమ్యూనిటీ పెంచితే క్యాన్సర్ పోతుందా? టీ-రెగ్‌ల సంగతి

క్యాన్సర్ అనగానే "ఇమ్యూనిటీ పడిపోయింది, కషాయం తాగు" అనేవాళ్లు ఇంటికొకరు. చాలా క్యాన్సర్ గడ్డల్లో టీ కణాలు, అంటే క్యాన్సర్‌ని కొట్టాల్సిన తెల్ల రక్తకణాలు, లేక కాదండీ. ఉండి కూడా చేతులు కట్టుకుని నిలబడతాయి. కట్టించేవాటిలో ముఖ్యమైనది రెగ్యులేటరీ టీ కణం, ముద్దుగా టీ-రెగ్.

(స్క్రీన్ మీద: రచ్చబండ)

ఊళ్లో కొట్లాటైతే మధ్యలో దూరి "వదిలెయ్యండ్రా, మనోడే" అనే పెద్దమనిషి ఉంటాడే, అతనే ఇది. చెడ్డవాడేం కాదు. ఫాక్స్‌పీ3 జీన్ పాడై టీ-రెగ్‌లు పనిచెయ్యని స్కర్ఫీ అనే రకం ఎలుకలు నెల తిరిగేసరికి చచ్చిపోతాయి, సొంత ఒంటి మీదే దాడి జరిగి. 1995లో ఈ కణాల్ని గుర్తించిన శాస్త్రవేత్త సకాగుచికి, 2001లో ఆ జీన్‌ని పట్టుకున్న బ్రన్‌కో, రామ్స్‌డెల్‌లకి కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు.

గడ్డ గడుసుది. సీసీఎల్22 అనే రసాయన కబురు పంపి పెద్దమనిషిని రప్పించి, దొంగ ఇంటి అరుగు మీద కూర్చోబెడుతుంది. అతను రెండు పనులు చేస్తాడు. కుర్రాళ్లకి, అంటే కొట్టాల్సిన టీ కణాలకి, రావాల్సిన భోజనం లాంటి ఐఎల్-2 అనే ప్రొటీన్‌ని ముందే లాగించేస్తాడు. కుర్రాళ్లని ఉసిగొల్పే డెండ్రిటిక్ కణం మీదున్న సీడీ80, సీడీ86 ప్రొటీన్లని తన మీదున్న సీటీఎల్‌ఏ-4 అనే ప్రొటీన్‌తో పీకి మింగేస్తాడు. ఇక "కొట్టండి" అని చెప్పే నోరే ఉండదు.

మరి ఏరిపారెయ్యొచ్చుగా? అక్కడే చిక్కు. టీ-రెగ్ మీదుండే సీడీ25 ప్రొటీన్ అనే చొక్కా చూసి కొడదామంటే, కొట్లాటకి దిగిన కుర్రాళ్లదీ అదే చొక్కా! టీ-రెగ్‌ల మీద కూడా ఉండే సీసీఆర్4 అనే ప్రొటీన్ మీద గురిపెట్టే మొగాములిజుమాబ్ అనే యాంటీబాడీ మందుని జపాన్‌లో 2012లో ఒకరకం టీ కణాల లుకేమియాకి అనుమతించారు. దాంట్లోంచి ఫ్యూకోజ్ చక్కెర తీసేశారు, కణాల్ని చంపే ఎన్‌కే కణాలు దాన్ని గట్టిగా పట్టుకోవాలని. టీ-రెగ్‌లూ పోతాయి, కానీ ఊరంతా పోతాయి. అందుకే చర్మం మీద దద్దుర్లు. దాత మూలకణాల మార్పిడికి కాస్త ముందు ఇస్తే, దాత కణాలు రోగి ఒంటి మీద విరుచుకుపడే ముప్పు పెరుగుతుంది.

ఇప్పుడు చూపంతా సీసీఆర్8 అనే ఇంకో ప్రొటీన్ మీద. ఇది గడ్డలోని టీ-రెగ్‌ల మీద ఎక్కువ, రక్తంలోవాటి మీద తక్కువ. అంటే అరుగు మీద కూర్చున్నవాణ్నే లేపడం. నాకు నచ్చిన దారి ఇదే, ఇంకా ట్రయల్స్‌లో ఉంది.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. సీటీఎల్‌ఏ-4ని పట్టుకునే యాంటీబాడీలు ఎలుకల్లో టీ-రెగ్‌లని చంపుతాయి, అలాంటి మందే అయిన ఇపిలిముమాబ్ మనుషుల్లో ఎంతవరకు చంపుతుందన్నది వాదనలోనే ఉంది. దాని దుష్ప్రభావమైన పేగు వాపుని మాత్రం ఖాయంగా గమనించాల్సిందే. తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు కూడా వీటిని కొంత తగ్గిస్తుంది. ఇలాగే కుర్రాళ్లకి అడ్డుపడే మైలాయిడ్ సప్రెసర్ కణాల సంగతి ఇంకో వీడియోలో. ఇంకొక్క మాట: అసలు కుర్రాళ్లే చేరని గడ్డలో పెద్దమనిషిని లేపినా కొట్టేవాడు లేడు. అక్కడ ముందు వాళ్లని రప్పించే మందు జోడించాలి.